అన్నప్రాసన ఐదో నెలలోనా, ఏడో నెలలోనా? పాపకి అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలి?

గుణుపురం కోడలు
ఏప్రిల్ 14, ఉదయం

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. నేను పుట్టింది పాలకొండ వైపు, పెళ్లయి ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. మా పాపకి ఈ రోజుతో నాలుగు నెలల ఇరవై రోజులు. ఇప్పటిదాకా నా పాలే. పుట్టినప్పుడు 2.7 కిలోలు, మొన్న అంగన్‌వాడీలో తూస్తే 6.1 ఉంది.

ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాసన చెయ్యాలని మా అత్తయ్యగారు పంతులుగారిని అడిగి ఐదో నెలలోనే ముహూర్తం పెట్టించారు. ఇంకా ఎనిమిది రోజులే ఉంది. పర్లాకిమిడి నుంచి మా ఆడపడుచు వాళ్లు కూడా వస్తున్నారు. ఆ రోజు పరవాన్నం నాకించి, మర్నాటి నుంచి మెత్తటి అన్నం అలవాటు చేద్దామంటున్నారు. పాప కూడా మేం తింటుంటే కంచం వైపే చూస్తోంది. రాత్రి రెండు మూడుసార్లు లేస్తోంది. "పాలు చాలక లేస్తోందమ్మా" అంటారు అత్తయ్య. ఆవిడ నలుగురిని పెంచిన మనిషి. పాప మీద ప్రేమతోనే అంటున్నారు, అందుకే ఎదురు చెప్పడానికి నోరు రావడం లేదు.

అంగన్‌వాడీ దీదీ ఆరు నెలలు ఆగమంటోంది. కార్డు చూద్దామంటే అంతా ఒడియాలో ఉంది, నాకు మాట్లాడటం కొంచెం వచ్చు గానీ చదవడం రాదు. ఎండలు కూడా ముదిరాయి, కనీసం కాచి చల్లార్చిన నీళ్లయినా పట్టొచ్చా? మీరంతా ఏం చూసి మొదలుపెట్టారు? చాలా టెన్షన్‌గా ఉంది.


రాయగడ, ఇద్దరు పిల్లల తల్లి
ఏప్రిల్ 14, మధ్యాహ్నం

మా పెద్దోడికి ఐదో నెలలో పెట్టాను, చిన్నదానికి ఆరు నెలలు నిండాక. రెండూ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా.

పెద్దోణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. నోట్లో పడిందల్లా నాలుకతో బయటికి తోసేసేవాడు. నేను గడ్డం మీద నుంచి తుడిచి మళ్లీ లోపలికి పెట్టేదాన్ని. వాడు ఏడవడం, నేను ఏడవడం. పెంకితనం అనుకున్నాను. అది పెంకితనం కాదు, చిన్నపిల్లల నాలుక తీరే అంత, గట్టి పదార్థం గొంతులోకి పోకుండా తోసేస్తుంది, కొన్నాళ్లకి దానంతటదే పోతుందని తర్వాత తెలిసింది. నెల రోజులు వాణ్ని, నన్ను ఊరికే కష్టపెట్టుకున్నాను.

చిన్నదాన్ని ఆరు నెలలు దాటాక గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టాను. మెడ నిలబెట్టి కూర్చుంది. స్పూను దగ్గరికి తెస్తే పిచ్చుక పిల్లలా నోరు తెరిచింది. మొదటి రోజు రెండు స్పూన్లు తింది, ఒక్క చుక్క బయటికి రాలేదు. కంచం వైపు చూడటం ఒక్కటే చాలదమ్మా. నాలుగో నెల నుంచి పిల్లలు తాళాల గుత్తి వైపు కూడా అలాగే చూస్తారు, దొరికితే నోట్లో పెట్టుకుంటారు.


బరంపురం అమ్మమ్మ
ఏప్రిల్ 14, సాయంత్రం

తల్లీ, నా పిల్లలు 1988లో ఒకరు, 1991లో ఒకరు పుట్టారు. ఇద్దరికీ నాలుగో నెల నిండగానే ఉగ్గు పెట్టాను. డాక్టరుగారే పెట్టమన్నారు. ఇద్దరూ బాగానే ఉన్నారు. ఇప్పుడు మనవడి విషయంలో మా అమ్మాయి ఆరు నెలలంటే నాకు మొదట మనసుకి కష్టమనిపించింది. నేను తప్పు చేశానా అని. మీ అత్తగారికీ లోపల అదే ఉంటుంది. ఆవిడతో మాట్లాడేటప్పుడు "మీ రోజుల్లో తప్పు చేశారు" అన్నట్టు మాత్రం వినబడనివ్వకు.


కొరాపుట్ నర్సు
ఏప్రిల్ 14, రాత్రి

అమ్మమ్మగారూ, మీరు ఏ తప్పూ చెయ్యలేదు. అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెట్టమనేది. అది 2001లో మారింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పాలతో పాటు ఆహారం, పాలు రెండేళ్లు, ఇంకా ఆపైన కూడా ఇవ్వొచ్చు అన్నారు. మన దేశంలో పాలడబ్బాల చట్టంలో కూడా పిల్లల ఆహారం అంటే నాలుగు నెలల తర్వాత ఇచ్చేది అని ఉండేది, 2003 సవరణలో అది ఆరు నెలలు అయింది. మీ డాక్టరుగారు ఆనాటి మాట చెప్పారు, మేం ఈనాటి మాట చెప్తున్నాం.

కోడలమ్మా, ఒక్కొక్కటీ చెప్తాను.

పాలు చాలుతున్నాయా అన్నది రాత్రి లేవడాన్ని బట్టి తెలియదు. ఈ వయసులో చాలామంది పిల్లలు లేస్తారు, అన్నం తినే పిల్లలు కూడా లేస్తారు. రోజుకి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ ఉచ్చ పోస్తోందా, బరువు పెరుగుతోందా, ఆ రెండూ చూడండి. మీ పాప అప్పుడే పుట్టిన బరువుకి రెట్టింపు దాటింది. పాలు చాలకపోతే అది జరగదు.

నీళ్లు వద్దు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీళ్లే. ఎండాకాలంలో పాప మామూలు కంటే ఎక్కువసార్లు పట్టుకుంటుంది, పట్టనివ్వండి. నీళ్లు మీరు తాగండి. చిన్న పొట్ట నీళ్లతో నిండితే ఆ మేరకి పాలు తగ్గుతాయి, పైగా గిన్నె, గ్లాసు, చెయ్యి ఏది శుభ్రంగా లేకపోయినా విరేచనాలు పట్టుకుంటాయి. మే, జూన్ నెలల్లో మా వార్డు నిండా అవే కేసులు.

మరి ఆరు నెలల తర్వాత ఆలస్యం చేస్తే ఏంటి అంటారా, అదీ మంచిది కాదు. తల్లి కడుపులో ఉండగా దాచుకున్న ఐరన్ ఆరో నెల నిండేసరికి తరిగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకి పాల మీద ఇంకో 200 క్యాలరీల దాకా రోజూ కావాలి. "ఇంకా పళ్లు రాలేదు కదా" అని తొమ్మిదో నెల దాకా పాలతోనే ఉంచిన పిల్లల్ని చూశాను, కనురెప్ప కింద తెల్లగా పాలిపోయి ఉంటారు. పళ్లకీ దీనికీ సంబంధం లేదు, చిగుళ్లతోనే మెదుపుకుంటారు.


అంగన్‌వాడీ అక్క, కాశీనగర్
ఏప్రిల్ 15, ఉదయం

నాకు ఇక్కడ ఒక చిన్న లెక్క కనబడింది. చెల్లీ, మీ అత్తగారు బేసి నెల అన్నారు కదా. ఆడపిల్లకి ఐదో నెల అంటారు, లేదంటే ఏడో నెల అంటారు. ఏడో నెల అంటే ఏంటి? ఆరు నెలలు నిండి, ఏడు నడుస్తున్నప్పుడు. దీదీ చెప్పేదీ సరిగ్గా అదే. ఇద్దరి మాటా ఒక్కటే!

మా సెంటర్లో ఈ తికమక రోజూ ఉంటుంది. "ఆరో నెల వచ్చింది" అని తల్లి చెప్తుంది. కార్డు తిప్పి పుట్టిన తేదీ చూస్తే ఐదు నెలల పది రోజులు ఉంటుంది. ఒడియా వాళ్లూ నడిచే నెలనే లెక్కపెడతారు, మన వాళ్లూ అంతే. అందుకని నేను నెలలు చెప్పడం మానేశాను. పుట్టిన రోజు నుంచి 180 రోజులు లెక్కపెట్టి, తారీఖు కార్డు వెనకాల పెన్నుతో రాసి ఇస్తాను.

మగపిల్లల విషయంలోనే ఇబ్బంది. సరి నెల అని ఆరో నెలలో చేస్తారు, అప్పటికి ఐదు నెలలే నిండి ఉంటాయి. అలాంటి ఇళ్లకి నేను ఆరో నెల ఆఖర్లో ముహూర్తం చూడమని చెప్తాను. అప్పటికీ కొన్ని రోజులు తక్కువైతే ఆ రోజు పూజ చేసుకుని, అన్నం మాత్రం నా తారీఖుకి మొదలుపెట్టమంటాను. చాలామంది ఒప్పుకుంటారు.

కార్డు చదవడం రాలేదని బాధపడకు. ఒడియా రాకపోయినా అందులో బరువు గీత తెలుస్తుంది. మీ పాప చుక్క ఆకుపచ్చ పట్టీలో ఉందా, నెల నెలా పైకి వెళుతోందా, అంతే చూసుకో.


గుణుపురం కోడలు
ఏప్రిల్ 15, మధ్యాహ్నం

అక్కా, మీ మాట చదివి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఈ లెక్క నాకు తట్టనే లేదు. పాప పుట్టింది నవంబరు 25న. అంటే మే 25కి ఆరు నెలలు నిండుతాయి. మా ఆయనకి చెప్పాను, సాయంత్రం అత్తయ్యతో మాట్లాడతానన్నారు.


పర్లాకిమిడి నాన్న
ఏప్రిల్ 15, రాత్రి

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నా. మా బాబు 32 వారాలకే పుట్టాడు, ఎనిమిది వారాలు ముందు. పుట్టిన తేదీ లెక్కన ఆరు నెలలు రాగానే ఇంట్లో అందరూ అన్నం అన్నారు. వాడికి మెడ ఇంకా ఊగుతోంది. మా పిల్లల డాక్టరుగారు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టే వయసు కూడా చూడాలి, మెడ నిలపడం, కూర్చోవడం గమనించాలి అని చెప్పి నెల రోజులు ఆగి మొదలుపెట్టించారు. ఐరన్ చుక్కలు మాత్రం అప్పటికే చాలా ముందు నుంచి వేయించారు. ఇలాంటి పిల్లలకి 180 రోజుల లెక్క మీరే వేసుకోకండి, మీ డాక్టరు చెప్పినట్టు చెయ్యండి.

ఇంకో మాట. పిల్లాడికి పెట్టేది అమ్మే అని మేం మగవాళ్లం పక్కన కూర్చుంటాం. మా ఇంట్లో రాత్రి పూట పెట్టేది నేనే. వాడి మొహం చదవడం నేర్చుకుంది అప్పుడే. తల పక్కకి తిప్పితే చాలని అర్థం. అంతకుముందు ఎవరు చెప్పినా నాకు అర్థం కాలేదు.


జయపురం టీచరు
ఏప్రిల్ 16, ఉదయం

నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో మూడు నెలలే సెలవిచ్చారు. నాలుగో నెలలో డబ్బా పొడి, సీసా మొదలుపెట్టాల్సి వచ్చింది, వేరే దారి లేదనుకున్నాను. పదిహేను రోజులకి విరేచనాలు. ఆస్పత్రిలో మూడు రోజులున్నాం. పాప కళ్లు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం నేను చూశాను. ఇప్పటికీ ఆ సీసా గుర్తొస్తే గుండె పిండేస్తుంది.

తర్వాత తెలిసింది, 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు 26 వారాలు. వారాలు రోజులు చేసి చూడండి, 182. ఆరు నెలలు పాలివ్వడానికి సరిగ్గా సరిపోయేటట్టు. అడగాలని అప్పుడు నాకు తెలియదు. మీరు అడగండి.

సెలవు దొరక్కపోయినా ఒక దారి ఉంది. రెండో పాపకి ఉదయం నా పాలే పిండి, మూతున్న స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లేదాన్ని. మా అమ్మ ఆ గిన్నెని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, చలి పోయాక ఉగ్గుగిన్నెతో పట్టేది. సీసా అసలు ఇంట్లోకి రానివ్వలేదు. సీసా పీక సందుల్లో పట్టే జిగురు ఎంత తోమినా పోదు, గిన్నె అయితే మరిగే నీళ్లలో వేస్తే చాలు.


రాయగడ, ఇద్దరు పిల్లల తల్లి
ఏప్రిల్ 16, మధ్యాహ్నం

ఎప్పుడు అన్నది తేలినట్టే ఉంది కాబట్టి, ఏం పెట్టాలి అనేది కూడా చెప్పుకుందాం. ఇక్కడే మన ఇళ్లలో అసలు పొరపాటు జరుగుతోంది. మొదలుపెట్టడం టైముకే మొదలుపెడతాం, పెట్టేది మాత్రం పప్పు మీద తేట. "పప్పు కట్టు పోశాను, బలం" అంటాం. ఆ తేటలో ఏముంది, పసుపు రంగు నీళ్లు. పప్పంతా గిన్నె అడుగునే ఉండిపోతుంది.

నేను చేసే ఉగ్గు పిండి ఇలా: మూడు గుప్పెళ్ల బియ్యం, ఒక గుప్పెడు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, సన్నటి సెగ మీద విడివిడిగా వేయించాలి. పెసరపప్పు కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి, ఎర్రబడితే చేదొస్తుంది. మిక్సీలో సన్నటి రవ్వగా పట్టి సీసాలో పోసుకోవాలి. రెండు స్పూన్ల పిండి ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉడికించాలి. దించాక అర స్పూను నెయ్యి. ఉప్పు, పంచదార, బెల్లం ఏడాది దాకా అక్కర్లేదు, పిల్లలకి ఆ రుచి ఇంకా తెలియదు, మనకే చప్పగా అనిపిస్తుంది.


కొరాపుట్ నర్సు
ఏప్రిల్ 16, రాత్రి

పప్పు కట్టు గురించి అక్క చెప్పినదాన్ని వందమందికి చెప్పాలి. వార్డులో తల్లులకి నేను స్పూనుతో చూపిస్తాను. ఉగ్గు స్పూనులోకి తీసుకుని పక్కకి వంచండి. నీళ్లలా జారిపోతే అది పలచన. స్పూనుని అంటిపెట్టుకుని మెల్లగా కదిలితే సరిగ్గా ఉంది. పిల్ల పొట్ట చిన్నది, అందులో పట్టేదంతా నీళ్లే అయితే మిగతా బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మొదట రెండు మూడు స్పూన్లు, రోజుకి రెండు సార్లు. మెల్లగా పెంచుకుంటూ 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా రావాలి, ఎనిమిది నెలల దాకా రోజుకి రెండు మూడు సార్లు. తొమ్మిదో నెల దాటాక మూడు నాలుగు సార్లు. మధ్యలో పాలు ఎప్పటిలాగే. కొత్తది ఏది పెట్టినా రెండు మూడు రోజులు అదే పెట్టి చూడండి, ఒంటి మీద దద్దుర్లు గానీ వాంతులు గానీ వస్తే దేనివల్లో తెలుస్తుంది. ఉమ్మేసిందని వదిలెయ్యకండి, ఒక్కో రుచి అలవాటవడానికి ఎనిమిది పదిసార్లు పడుతుంది.

ఆరు నెలలు నిండాక ఆశా దీదీ దగ్గర ఐరన్ సిరప్ అడిగి తీసుకోండి. వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు.


బరంపురం అమ్మమ్మ
ఏప్రిల్ 17, ఉదయం

చోడి జావ, అదే రాగి జావ, మాట ఎవరూ ఎత్తలేదేమమ్మా! మన వైపు పిల్లలు దానితోనే ఎదిగారు. ఒడియా ఇళ్లలో మాండియా జావు అంటారు, రెండూ ఒకటే. చోళ్లు కడిగి రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టి ఉంచితే మర్నాటికి తెల్లటి ముక్కులు వస్తాయి. నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించి, పలచటి గుడ్డలో జల్లించాలి. మొలక రాని పిండితో జావ గడ్డకడుతుంది, మొలక పిండి ఎంత వేసినా జారుగానే ఉంటుంది.

ఒకటి అడగాలి. నాలుక మీద తేనె రాయడం, వస కొమ్ము అరగదీసి నాకించడం మేం పుట్టిన వెంటనే చేసేవాళ్లం. ఇప్పుడు అదీ వద్దంటున్నారా?


కొరాపుట్ నర్సు
ఏప్రిల్ 17, ఉదయం

అమ్మమ్మగారూ, తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది, పెద్దవాళ్లని ఏమీ చెయ్యదు, పసిపిల్లల పేగుల్లో పెరిగి నరాలని చచ్చుబడేలా చేసే విషాన్ని తయారుచేస్తుంది. వస కూడా వద్దు, అరగదీసే రాయి కూడా శుభ్రంగా ఉండదు. ఆవుపాలు తాగే పాలుగా ఏడాది తర్వాతే.

మొలక చోళ్ల గురించి మీరు చెప్పింది చాలా విలువైన మాట. అలా జారుగా ఉండటం వల్లే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, ఎక్కువ బలం వెళ్తుంది. మొలకెత్తితే ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది.


గుణుపురం కోడలు
ఏప్రిల్ 18, రాత్రి

అత్తయ్య ఒప్పుకున్నారు! మా ఆయన ఏమీ వాదించలేదు. "అమ్మా, ఏడో నెలా బేసేగా" అన్నారు. ఆవిడ కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "మరి ఆ పంతులు నాకెందుకు చెప్పలేదురా" అన్నారు. ఫోను చేస్తే పంతులుగారు మే 28 బాగుందన్నారు. ఆడపడుచు వాళ్ల టికెట్ మారుస్తున్నారు.


గుణుపురం కోడలు
మే 29, మధ్యాహ్నం

నిన్న అన్నప్రాసన అయింది. పాపకి ఆరు నెలల మూడు రోజులు, బరువు 6.8. ముందు ఇంట్లో పూజ చేసి, మా మామయ్యగారి ఒళ్లో కూర్చోబెట్టాం. కత్తి, పుస్తకం, బంగారం, మట్టి ముందు పెడితే పాప అవన్నీ వదిలేసి వెండి గిన్నెనే పట్టుకుంది. పరవాన్నం అత్తయ్య ఉంగరంతో నాలుకకి తాకించారు, అంతే. చిన్న చుక్క.

ఈ రోజు పొద్దున నేను చేసిన ఉగ్గు పెట్టాను. గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టాను, రాయగడ అక్క చెప్పినట్టే. స్పూను వంచి చూశాను, జారలేదు. పెదవి దగ్గర పెట్టగానే ముందు నుదురు చిట్లించింది. తర్వాత కింది పెదవి లోపలికి లాక్కుని చప్పరించింది. మింగింది! మూడో స్పూనుకి నా చెయ్యి పట్టుకుని తనే లాక్కుంది. నాలుగోదానికి తల తిప్పేసింది, ఆపేశాను. అత్తయ్య పక్కనే కూర్చుని "ఇంకొక్కటి పెట్టవే" అన్నారు, వెంటనే తనే "వద్దులే, రేపు తింటుంది" అన్నారు.

అంగన్‌వాడీలో ఛతువా పిండి ప్యాకెట్ కూడా ఇచ్చారు. అది ఇప్పుడే పెట్టొచ్చా?


అంగన్‌వాడీ అక్క, కాశీనగర్
మే 29, సాయంత్రం

బంగారు తల్లికి నా దీవెనలు. ఛతువా పెట్టొచ్చు చెల్లీ, ఆరు నెలలు నిండిన పిల్లల కోసమే ఇస్తారు. అందులో గోధుమ, శనగ, వేరుశనగ, పంచదార ఉంటాయి. అందుకని ఈ ఉగ్గు నాలుగైదు రోజులు అలవాటయ్యాక, ఒక పూట రెండు స్పూన్ల పిండి ఉడికించి పెట్టు, వేరుశనగ పడిందో లేదో రెండు మూడు రోజులు చూడు. ప్యాకెట్ విప్పాక డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టు, వానలొచ్చే రోజులు, పురుగు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు తినెయ్యకుండా చూసుకో, అది పాప వాటా.


గుణుపురం కోడలు
మే 30, ఉదయం

సరే అక్కా. పాప విరేచనం రంగు మారింది, కొంచెం గట్టిగా కూడా ఉంది. మామూలేనా?


కొరాపుట్ నర్సు
మే 30, ఉదయం

మామూలే. రోజంతా పాలు బాగా పట్టించండి, ఉగ్గు తిన్నాక కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు స్పూన్లు ఇప్పుడు పట్టొచ్చు. వారం తర్వాత ఉడికించిన గుమ్మడికాయ మెత్తగా మెదిపి కలపండి. రక్తం గానీ జిగట గానీ కనబడితే మాత్రం ఆగకుండా డాక్టరుకి చూపించండి.